కోడలు చెయ్యి ఎందుకు లాక్కుంది

శుక్రవారం తెల్లవారుజామున అజాన్ వినిపించింది. రియాద్‌లో, మలాజ్‌లోని చిన్న ఫ్లాట్లో తాజున్నీసా నమాజుకు లేచేసరికే కోడలు అఫ్షాన్ నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే వజూ ముగించి తడి తుడుచుకుంటోంది. కొడుకు ఇష్తియాక్ నవ్వుతూ వచ్చి భార్య చెయ్యి పట్టుకోబోయాడు. అఫ్షాన్ నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుని, కోపంగా చూసి గదిలోకి వెళ్లిపోయింది.

తాజున్నీసా అంతా చూసింది. విజిట్ వీసా మీద ప్రొద్దుటూరు నుంచి వచ్చి మూడు వారాలైంది. తన ముందు భార్యాభర్తలిద్దరూ ఎలాగూ దూరంగానే మసలుతారు. ఎప్పుడైనా వాడు దగ్గరికి వెళ్తే మాత్రం ఈ పిల్ల ఇలా తప్పుకోవడమే. పెళ్లయి ఆరు నెలలు కూడా కాలేదు.

ఆమెకు చెల్లెలు జబీ గుర్తొచ్చింది. ఇష్టం లేని కాపురం ఇరవై ఏళ్లు చేసింది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. అడగని వాళ్లలో తానూ ఉందన్న బాధ తాజున్నీసాను ఇంకా వదల్లేదు. ఆదివారమే తన తిరుగు ప్రయాణం. ఈసారి అడగాలనుకుంది.

ఇష్తియాక్ జుమా నమాజుకు మసీదుకు వెళ్లగానే కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిజం చెప్పు తల్లీ. నా కొడుకంటే నీకు ఇష్టం లేదా? లేకుంటే నాతో వచ్చేయ్. మీ అమ్మ దగ్గర నేనే దింపుతా. ఎవరేమన్నా నేను చూసుకుంటా."

అఫ్షాన్ బిత్తరపోయింది. పొద్దున జరిగింది అత్త చెప్పాక ముందు నవ్వింది, ఆ వెంటనే ఆమె కళ్లు చెమర్చాయి.

"అయ్యో అమ్మీ, ఆయన తాకితే నా వజూ పోతది. మళ్ల మొదటి నుంచి చేసుకోవాలె. అది తెలిసే కావాలని సతాయిస్తడు. మా పుట్టింటి దిక్కు బార్కాస్‌ల మేమంతా షాఫయీ ఇమాం పద్ధతోల్లం కదా."

తాజున్నీసా తెల్లబోయింది. వాళ్ల ఇంట్లో తరతరాలుగా ఇమాం అబూ హనీఫా చెప్పిన హనఫీ పద్ధతే. భర్త చెయ్యి తగిలితే వజూ పోతుందని ఆమె ఎన్నడూ వినలేదు. మరి తన నలభై ఏళ్ల నమాజులన్నీ ఏమైనట్టు?

"అయితే నాది తప్పా, నీదా?" అంది బెంగగా.

ఎవరిదీ కాదని అఫ్షాన్ నిదానంగా చెప్పింది. ఖురాన్‌లో ఆడవాళ్లను తాకడం గురించి ఉన్నది ఒకే మాట. షాఫయీ ఇమాం తాకడమంటే తాకడమే అన్నారు. హనఫీ పెద్దలు అది భార్యాభర్తల కలయికను ఉద్దేశించిన మాట అన్నారు. మాట ఒకటే, అర్థం చేసుకోవడంలోనే తేడా. అబూ హనీఫా కూఫా నగరంలో చదువు చెప్పారు. ఆయన శిష్యుడు ఇమాం ముహమ్మద్ దగ్గర షాఫయీ ఇమాం బాగ్దాద్‌లో చదువుకున్నారు.

"అంటే మీ ఇమాం మా వాళ్ల దగ్గరే చదువుకున్నాడా?" తాజున్నీసా ముఖం వెలిగిపోయింది.

"మదీనాల ఇమాం మాలిక్ దగ్గర కూడ చదివిండు అమ్మీ. ఒకసారి అబూ హనీఫా సమాధి దగ్గర నమాజు చేసినప్పుడు, ఆ పెద్దాయన మీద గౌరవంతోని తన పద్ధతిల చదివే దువా వదిలేసిండని చెప్తరు."

 తాజున్నీసా కోడలి తల నిమిరి, జబీ కథంతా చెప్పింది. అఫ్షాన్ ఆమె భుజం మీద తల వాల్చి విన్నది.

మధ్యాహ్నం అసర్ నమాజుకు అజాన్ అయింది. ఇక్కడి మసీదుల్లో అసర్ తొందరగా చేస్తారు. హనఫీ లెక్క ప్రకారం తాజున్నీసా రోజూ ఇంకో గంట ఆగేది. అత్త కోసం తానూ ఆగుతానంది అఫ్షాన్.

"వద్దులే. మీ ఇమాం అంత మర్యాద చూపినాడే, నేను ఒక్క గంట ముందు లేవలేనా?" అంటూ తాజున్నీసా వెళ్లి వజూ చేసుకొచ్చింది.

ఇద్దరూ పక్కపక్కన జానమాజు చాపలు పరుస్తుంటే ఇష్తియాక్ గుమ్మంలోకి వచ్చి, భార్యను చూసి కొంటెగా ఒక అడుగు ముందుకేశాడు. తాజున్నీసా అడ్డంగా నిలబడింది.

"ఆడనే ఆగురా. పిల్ల వజూలో ఉంది."