లోపలికి తెరుచుకున్న తలుపు

శవం టాయిలెట్‌లో ఉంది.

మామూలు టాయిలెట్ కాదు. తలుపు మీద నీలం బోర్డు, బోర్డు మీద తెల్లటి చక్రాల కుర్చీ బొమ్మ. దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా కట్టినది. బరంపురం శివార్లలో లేస్తున్న ఫిజియోథెరపీ ఆసుపత్రి అది. వచ్చే సోమవారమే ప్రారంభోత్సవం.

ఇన్‌స్పెక్టర్ ఉమాదేవి అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం 12:50.

చనిపోయిన మనిషి పేరు విశ్వనాథ్. నలభై ఎనిమిదేళ్ళు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. నేల మీద వెల్లకిలా ఉన్నాడు. తల వెనక గాయం. కమోడ్ అంచున రక్తం. పక్కనే అతని వీల్‌చైర్ నిలబడి ఉంది. మడత విప్పి ఉంది. రెండు బ్రేకులూ వేసి ఉన్నాయి.

తలుపుకి లోపలి గడియ ఊడి వేలాడుతోంది.

"కుర్చీలోంచి కమోడ్ మీదికి మారబోయి జారిపోనాడు మేడమ్," అన్నాడు కానిస్టేబుల్ గౌతమ్. "గడియ లోపల్నించి ఏసుందంట. ఇంకేటుంటాది? ప్రమాదమని రాసేద్దునా?"

"ముందు ఫొటోలు తియ్యి. నాలుగు వైపులా. ఏదీ కదపొద్దు."

"ఆజ్ఞా మేడమ్," అని ఒడియా అలవాటులో సరేనన్నాడు గౌతమ్.

కుర్చీలో తిరిగే మనిషి జారిపడ్డాడంటే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఉమాదేవికి ఒళ్ళు మండేది సరిగ్గా ఆ సంగతికే.

శవాన్ని మొదట చూసింది ఆర్కిటెక్ట్ సుధీంద్ర. ఇస్త్రీ చొక్కా. తడిసిన ప్యాంటు అంచులు.

"విశ్వనాథ్ గారు ఇక్కడికెందుకు వచ్చారు?"

"ఆయన యాక్సెస్ ఆడిటర్ మేడమ్. ర్యాంపు వాలు, తలుపు వెడల్పు, లిఫ్టు బటన్ ఎత్తు... దివ్యాంగులకి పనికొస్తాయో లేదో ప్లాన్‌లో చూసి, తర్వాత సైట్‌లో చూస్తారు. ఆయన సంతకం పెడితేనే బిల్డింగ్ తెరవడానికి సర్టిఫికెట్ వస్తుంది."

"ఎన్నింటికి వచ్చారు?"

"పదకొండుకి. ఆటో దింపి వెళ్ళిపోయింది."

"తర్వాత?"

"పదకొండున్నరకి టాయిలెట్‌కి వెళ్తానన్నారు. నేను మేడ మీదికి వెళ్ళాను. పన్నెండు దాటాక దిగొచ్చి పిలిచాను. పలకలేదు. గడియ లోపల్నుంచి వేసి ఉంది. తన్ని తెరిచాను."

"అప్పుడు కుర్చీ ఎక్కడుంది?"

"ఇప్పుడున్న చోటే. ఇలాగే విప్పి ఉంది."

"మీరు ముట్టుకున్నారా?"

"లేదు మేడమ్. పోలీసులు వచ్చేదాకా ఏదీ కదపకూడదని నాకు తెలుసు."

తెలివైన జవాబు. ఉమాదేవి పొల్లు పోకుండా రాసుకుంది. కింద సంతకం కూడా చేయించుకుంది.

తర్వాత వాచ్‌మన్ కూర్మారావు. బక్కపలచటి మనిషి.

"నువ్వెక్కడున్నావు?"

"పదకొండుంపావుకి బాబు నన్ను టిఫినుకి పంపినారు మేడమ్. దగ్గర్లో వొద్దు, బజార్దాకా ఎల్లి తెమ్మన్నారు. పన్నెండూ పదికి వచ్చినాను. దడేల్మని సప్పుడైంది. పరిగెత్తి సూద్దును గదా, తలుపు తీసేసుంది. బాబు గుమ్మంలో నిలబడున్నారు."

"కుర్చీ?"

"ఇలాగే ఉంది. నాను సూసినాను."

"ఇంకేమైనా తేడాగా కనిపించిందా?"

కూర్మారావు తల గోక్కున్నాడు. "ఏటంటే... ర్యాంపు తడిగుంది మేడమ్. కొత్త సిమెంటు కదా, రోజూ నీల్లు కొట్టాలి. అది నా పని. పొద్దున్నే కొట్టేసినాను. మల్లీ ఎవులు కొట్టినారో."

"సుధీంద్ర గారు ఎప్పుడైనా కొడతారా?"

"ఆ బాబు పైపు పట్టుకోడమా! నానెప్పుడూ సూడనేదు."

ఉమాదేవి ర్యాంపు దగ్గరికి వెళ్ళింది. వాలు మరీ ఎక్కువగా ఉంది. పక్కన పట్టుకోవడానికి కడ్డీ లేదు. సిమెంటు నల్లగా నానిపోయి ఉంది. కట్టుబడి జరిగే చోట నీళ్ళు చూసి ఎవరు అనుమానపడతారు?

సాయంత్రం 5:30. బరంపురంలోనే గోసాని నువాగాం పేట.

విశ్వనాథ్ భార్య సత్యవతి స్కూలు టీచరు. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. గొంతు గట్టిగా ఉంది.

"మేడమ్, ఆయన పడిపోనారని మాత్రం రాయకండి."

"ఎందుకంత కచ్చితంగా చెప్తున్నారమ్మా?"

"నలబై ఏళ్ళుగా కుర్చీలోంచి మంచానికి, మంచమ్మీంచి కుర్చీకి మారతన్నారు. ఒక్కసారి పడ్లేదు. ఇంకోటి. సైటుకి ఎల్లిన రోజు ఆయన పొద్దుట్నించీ నీళ్ళు ముట్టరు. ఏ సైటులోనూ ఆయనకి పనికొచ్చే బాత్రూం ఉండదు కదా. ఇయ్యాల టీ కూడా వొదిలేసి ఎల్లేరు. అలాటి మనిషి అరగంటకే బాత్రూంకి ఎల్తానంటారా?"

ఊళ్ళో బాత్రూములన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే మనిషి, దాహం ఆపుకుని తిరిగేవాడు.

"ఎవరితోనైనా గొడవలున్నాయా?"

సత్యవతి తలూపింది. జరిగింది చెప్పింది. మూడు వారాల కిందట భంజనగర్ నుంచి కూర్మమ్మ అనే ఆవిడ వచ్చింది. ఆవిడ కూతురు సౌందర్య చంకకర్రలతో నడిచేది. కొత్తగా కట్టిన కోచింగ్ సెంటర్ ర్యాంపు మీద జారి, తలకి దెబ్బ తగిలి చనిపోయింది. ఆ ర్యాంపు సరిగ్గా ఉందన్న సర్టిఫికెట్ మీద విశ్వనాథ్ సంతకం ఉంది.

"ఆవిడ ఆ కాయితం ఈయన మొహాన కొట్టింది మేడమ్. ఈయన ఆ బిల్డింగు ఎప్పుడూ సూడలేదు. ఆ సంతకం ఈయనది కాదు. సెప్తే ఆవిడ నమ్మలేదు. అప్పట్నించీ ఈయనకి నిద్దర్లేదు. అలాటి కాయితాలు ఏడు పోగుసేసినారు."

"ఎవరి పని అది?"

"పేరు సెప్పలేదు. ముందు ఆ మనిషిని మొహమ్మీదే అడగాలి, ఎనకమాల రాయడం పద్దతి కాదన్నారు." ఆమె కొంగు కొస వేళ్ళకి చుట్టుకుంది. "నాకింకేటీ వొద్దు మేడమ్. ఆ పిల్లని సంపింది మా ఆయన కాదని ఆ తల్లికి తెలియాల."

విశ్వనాథ్ బల్ల మీద ఆసుపత్రి ప్లాన్లు ఉన్నాయి. మూడు కాపీలు, మూడు తేదీలు. మూడింట్లోనూ టాయిలెట్ దగ్గర ఎర్ర సిరాతో ఒకటే మాట. 'తలుపు బయటికి తెరుచుకోవాలి.' చివరి దాని కింద ఇంకో ముక్క: 'మూడోసారి రాస్తున్నాను.'

"తలుపు ఎటు తెరుచుకుంటే ఏమిటమ్మా?" అంది ఉమాదేవి.

సత్యవతి రెండు చేతులూ చాపి, కుర్చీ ఎంతుంటుందో, తలుపు ఎటు తిరుగుతుందో గాలిలో చూపించింది.

ఉమాదేవి చేతిలో పెన్ను ఆగిపోయింది.

మర్నాడు పదింటికి పోస్ట్‌మార్టమ్ రిపోర్టు వచ్చింది. తల గాయంలో సిమెంటు ఇసుక రేణువులు. టాయిలెట్ నిండా నున్నటి టైల్స్, అక్కడ ఇసుక ఎక్కడిది? ఇంకో వాక్యం ఉంది. దెబ్బ తగిలాక సుమారు నలభై నిమిషాలు ప్రాణం ఉంది.

పదకొండుకి భంజనగర్ పోలీస్ స్టేషన్ నుంచి ఫోను. నిన్న కూర్మమ్మ ఇంట్లో కూతురి మాసికం. ఆవిడ గడప దాటలేదని ఇరవైమంది చెప్పారు.

ఏడు సర్టిఫికెట్లూ ఉమాదేవి మునిసిపల్ ఆఫీసుల నుంచి తెప్పించింది. ఏడింటి మీదా సంతకం అచ్చు ఒకటే, వెంట్రుకవాసి తేడా లేదు. మనిషి ఏడుసార్లు సంతకం పెడితే ఏడు రకాలుగా వస్తుంది. ఇది ఒక్కసారి స్కాన్ చేసి ఏడుసార్లు అతికించినది. ఏడు బిల్డింగుల ప్లాన్లూ గీసింది ఒక్కడే.

సాయంత్రం 4:00. ఆసుపత్రి సైట్.

టాయిలెట్ ముందు సుధీంద్ర, కూర్మారావు, సత్యవతి నిలబడ్డారు. గౌతమ్ విశ్వనాథ్ వీల్‌చైర్‌ని తోసుకొచ్చాడు.

"సుధీంద్ర గారూ, ఈ తలుపు ప్లాన్‌లో ఎటు తెరుచుకుంటుంది?"

"బయటికి."

"ఇక్కడ?"

"లోపలికి. కారిడార్‌లో అడ్డమని మేస్త్రీ అలా బిగించాడు. చిన్న విషయం మేడమ్."

"గది కూడా చిన్నదే. నాలుగడుగులకి అయిదడుగులు. ప్లాన్‌లో ఇంతకంటే పెద్దది."

"సైట్‌లో అటూ ఇటూ అవుతూ ఉంటుంది."

"సరే. కూర్చోండి."

"ఎక్కడ?"

"ఈ కుర్చీలో. విశ్వనాథ్ గారు వెళ్ళినట్టే లోపలికి వెళ్ళి, గడియ వేసుకోండి. అంతే."

సుధీంద్ర నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. కూర్చున్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టాక కుర్చీలో కూర్చుని చూడమని ఎవరూ అనలేదు. పదిహేనేళ్ళుగా ఈ మనిషి కట్టిన ప్రతి తలుపు మీదా చక్రాల కుర్చీ బొమ్మ అంటించాడు. ఆ కుర్చీని గదిలో పెట్టి చూడటం ఇదే మొదలు.

చక్రాలు తిప్పుకుంటూ లోపలికి పోయాడు. కుర్చీ ముందు భాగం కమోడ్‌కి తగిలింది. వెనక్కి చెయ్యి చాపి తలుపు లాగాడు.

తలుపు చక్రానికి కొట్టుకుంది.

కుర్చీ అడ్డంగా తిప్పాడు. గోడకి వేళ్ళు గీసుకున్నాయి. మళ్ళీ లాగాడు. మళ్ళీ కొట్టుకుంది. మూలకి జరిగాడు. మూడోసారీ అంతే. జానెడు సందు మిగిలింది.

"గడియ వెయ్యండి," అంది ఉమాదేవి బయటి నుంచి.

"పడటం లేదు."

"ఎందుకు?"

తలుపు మళ్ళీ చక్రానికి కొట్టుకుంది.

"గౌతమ్, ఆయన స్టేట్‌మెంట్ చదువు."

గౌతమ్ చదివాడు. "గడియ లోపల్నుంచి వేసి ఉంది. కుర్చీ లోపల విప్పి ఉంది. నేను ముట్టుకోలేదు."

"కుర్చీ విప్పి లోపలుంటే తలుపే పడదు, ఇంక గడియ ఎలా పడింది? రెండింట్లో ఏది అబద్ధం?"

"ఆయన... మడిచి పక్కన పెట్టుకున్నారేమో."

"మడిచి పెట్టుకుంటే, చనిపోయాక లేచి విప్పిందెవరు?"

ఆ సందులోంచే ఉమాదేవి మిగతాది చెప్పింది.

"ఆయన టాయిలెట్‌కి రాలేదు. ఏడు దొంగ సంతకాల గురించి మిమ్మల్ని మొహం మీద అడగడానికి వచ్చారు. మీరు వాచ్‌మన్‌ని బజారుకి పంపేశారు. ర్యాంపు దగ్గర ఏం జరిగింది?"

"చంపాలనుకోలేదు," అన్నాడు సుధీంద్ర. "రేపే ఫిర్యాదు ఇస్తానని తిరిగి వెళ్ళిపోతున్నారు. ఆపుదామని కుర్చీ వెనక నుంచి పట్టుకుని లాగాను. కుర్చీ వెనక్కి తిరగబడింది. కింద సిమెంటు అంచు."

"అప్పటికి ఊపిరుందా?"

సుధీంద్ర తల దించుకున్నాడు.

"ఉందా?"

"ఉంది."

"పెద్దాసుపత్రి ఇక్కడికి పావుగంట. మీరు ఫోను పట్టుకోలేదు, నీళ్ళ పైపు పట్టుకున్నారు. బతికున్న మనిషిని మోసుకొచ్చి ఈ గదిలో పడేశారు. ఆయన రక్తమే కమోడ్‌కి పూశారు. తలుపు తెరిచిపెట్టి గడియ ఊడగొట్టారు. మూసి చూద్దామన్న ఆలోచన కూడా రాలేదు."

"బతికున్నాడా?" కూర్మారావు అరిచాడు. "నానొచ్చీదాకా ఆగినా, భుజాన ఏసుకుని అయినా తీసుకెల్లీవోన్ని కదా బాబూ!"

ఉమాదేవి ఎర్ర సిరా ప్లాన్ తీసి సుధీంద్ర కళ్ళ ముందు పట్టుకుంది.

"ఆయన మూడుసార్లు రాశారు. ఒక్కసారి విని ఉంటే తలుపు బయటికి తెరుచుకునేది, మీ అబద్ధమూ నిలబడేది."

గౌతమ్ సంకెళ్ళు తీశాడు. సత్యవతి అతని మొహం చూడలేదు. కుర్చీ చక్రానికి అంటిన సున్నం కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

ఆదివారం ఉదయం ఉమాదేవి జీపు భంజనగర్‌లో ఆగింది. సత్యవతి పక్కనే ఉంది. ఫోనులో చెప్తే చాలని ఉమాదేవి అంది. చాలదని సత్యవతి అంది.

కూర్మమ్మ వసారాలో కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. సత్యవతిని గుర్తుపట్టగానే మొహం తిప్పుకుంది.

ఉమాదేవి కాగితాలు పరిచి నెమ్మదిగా అంతా చెప్పింది. సంతకం ఎవరు అతికించారో, అది చెప్పబోయి విశ్వనాథ్ ఎలా చనిపోయాడో.

"అయితే ఆ బాబుకి తెల్దా?" అంది కూర్మమ్మ.

"తెలీదమ్మా. తెలిస్తే ఆ ర్యాంపు ఉండనిచ్చీవోరు కాదు," అంది సత్యవతి.

కూర్మమ్మ గోడ పట్టుకుని లేచింది. "ఈది ఈదంతా సెప్పుకొచ్చినాను తల్లీ. నూతి కాడ సెప్పినాను. గుడి కాడ సెప్పినాను. ఆడే నా పిల్లని సంపినాడని తిట్టిపోసినాను."

చెప్పులు వేసుకోకుండా వీధిలోకి నడిచింది. నడిమధ్యలో నిలబడింది.

"ఇనండర్రా!" అని అరిచింది. "ఇస్సనాథం బాబు నా పిల్లని సంపనేదు! ఆ బాబు తప్పు నేదు! నా పిల్ల కోసం అడగబోయి ఆ బాబే పోనాడు!"

తలుపులు తెరుచుకున్నాయి. జనం బయటికొచ్చారు. కూర్మమ్మ ఎదురింటి ముందుకెళ్ళి మళ్ళీ అదే మాట చెప్పింది. తర్వాత ఆ పక్కింటి ముందు.

సత్యవతి వసారా మెట్టు మీద కూలబడి, విశ్వనాథ్ పోయాక మొదటిసారి, వెక్కి వెక్కి ఏడ్చింది.