ఇరవై నిమిషాలు ముందుండే గడియారం

“ఇది నింపి ఇవ్వండి,” అంటూ ల్యాబ్ అమ్మాయి ప్లాస్టిక్ సీసా చేతికిచ్చింది.

డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇప్పుడేనా?”

“మరి ముహూర్తం పెట్టించమంటారా?”

ప్రభుత్వ బస్సులు నడిపేవాళ్లు మత్తుమందులు వాడుతున్నారేమో చూడాలని కొత్తగా రూలు వచ్చింది. చీటీలో పేరొచ్చినవాళ్లు డిపోలోని ఫస్ట్ ఎయిడ్ గది బాత్రూంలో మూత్రం ఇవ్వాలి. గడువు మూడు గంటలు. ఆలోగా ఇవ్వకపోతే నిరాకరించినట్టే లెక్క, ఉద్యోగం పోయినట్టే లెక్క. గడువు చూడటం ల్యాబ్ అమ్మాయి పని. ఆ డిపోకి ఆమె రావడం అదే మొదలు. తన చేతి వాచీ చూసి, మొదలైన సమయం కాగితం మీద రాసింది.

ఆ డ్రైవర్ని అక్కడందరూ ‘బ్రేకు’ అంటారు. పరిగెత్తుకొచ్చే మనిషి అద్దంలో కనిపిస్తే చాలు, బస్సు ఆపేస్తాడు. మత్తు మాట అటుంచి, టీ కూడా ముట్టడు. ఉన్నదల్లా సిగ్గు. తలుపవతల ఈ అమ్మాయి కూర్చుందని తెలిశాక, లీటరు నీళ్లు తాగినా లాభం లేకపోయింది.

“టైమెంతైందండీ?” లోపల్నుంచి గొంతు.

“గంటైంది. కుళాయి తిప్పండి, ఆ చప్పుడుకి వస్తుందంటారు.”

“తిప్పానండీ. కుళాయికే వస్తోంది.”

నవ్వాపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కుంది. ఫోన్లు లోపలికి తీసుకెళ్లకూడదు కాబట్టి పావుగంటకోసారి అదే ప్రశ్న. చివరికి వాచీ విప్పి తలుపు సందులోంచి అందించింది.

“మా నాన్నది. ఒక్క నిమిషం తప్పదు. జాగ్రత్త.”

“ఆయన కోప్పడరు కదా?”

“ఇప్పుడిక కోప్పడరు.”

లోపల కుళాయి కట్టేసిన చప్పుడైంది. “జాగ్రత్తగా ఉంచుతానండీ,” అన్నాడు తర్వాత. మళ్లీ టైము అడగలేదు.

గోడ గడియారం చూసి, “మూడు గంటల గడువైపోయింది, రండి,” అందామె. బయటికొచ్చి వాచీ చూశాడు, గోడ చూశాడు, ఆమెను చూశాడు. ఏదో అనబోయి, వాచీ ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆమె దాన్ని చూడకుండానే సంచిలో వేసుకుని, ‘నిరాకరించారు’ అన్న గడిలో టిక్కు పెట్టింది. ఆ కాగితంలో ఇంకో గడి లేదు.

పదిరోజుల్లో అతని ఉద్యోగం పోయింది. అప్పీలు చేసుకున్నాడు. సాక్షిగా రమ్మని ఆమెకు నోటీసు వచ్చింది. మరో చిత్రం కూడా జరిగింది. రోజూ పొద్దున ఆమె కోసం ఆగే బస్సు, ఇప్పుడు ఎంత పరిగెత్తినా ఆగడం లేదు.

విచారణకు ముందురోజు మరో పరీక్షకని డిపోకెళ్లింది. వాచీలో పది. గోడ మీద పదీ ఇరవై.

“తాతా, మీ గడియారం తప్పు,” అంది వాచ్‌మన్‌తో.

“తప్పేంటమ్మా! బస్సులు లేటవకూడదని మేమే ఇరవై నిమిషాలు ముందు పెట్టుకున్నాం. అందరికీ తెలుసు.”

“అందరికీనా?”

“బ్రేకుగాడికైతే మరీను. పోయినేడు ముల్లు తిప్పింది వాడే!”

ఆమె కుర్చీలో కూలబడింది. మొదలు తన వాచీ ప్రకారం రాసింది, ముగింపు ఈ గోడ ప్రకారం. మధ్యలో అతని ఇరవై నిమిషాలు మింగేసింది.

ఇంట్లో విషయమంతా విని, “చెబితే నీ ఉద్యోగం?” అంది అమ్మ.

“పోవచ్చమ్మా. ఏం చెయ్యమంటావు?”

“మీ నాన్న వాచీ నిమిషం తప్పకూడదని రోజూ కీ ఇస్తున్నది నువ్వే కదే. నన్నెందుకు అడుగుతావు?”

మర్నాడు విచారణ గది బయట బల్ల మీద ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడతను.

“మంచినీళ్లు కావాలా?” అంది.

“వద్దండీ. ఇప్పుడు తాగితే వెంటనే వస్తుంది, నా ఖర్మ.”

“గడియారం సంగతి మీకు తెలుసు. ఎందుకు చెప్పలేదు?”

“ఆ రోజు సిగ్గు. ఇంకో ఇరవై నిమిషాలు లోపల కూర్చోవడం నావల్ల కాలేదు. తర్వాత చెబుదామంటే, మీ ఉద్యోగానికి చేటన్నారు.”

“మీది పోయిందిగా, మహానుభావా!”

అతను చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాడు. “మీరెప్పుడూ వెనక తలుపులోంచి ఎక్కుతారు, నా మొహం చూసుండరు. రోజూ పొద్దున మీరు పరిగెత్తుకొచ్చేది నా బస్సుకే. ఇంకెవరు తలుపవతల కూర్చున్నా ఇచ్చేసేవాణ్ణి.”

ఆమె చెవులు వేడెక్కాయి. అంతలో లోపలికి పిలిచారు.

విచారణ అధికారి ముందు వాచీ పెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. “ఇతను నిరాకరించలేదండీ. నేనిచ్చింది రెండు గంటల నలభై నిమిషాలే.”

“ఇందుకు మీమీద చర్య ఉంటుంది, తెలుసా?”

“తెలిసే వచ్చానండీ.”

అధికారి కళ్లద్దాలు తీసి ఇద్దర్నీ చూశాడు. తొలగింపు రద్దు, వేరే మనిషి చేత మళ్లీ పరీక్ష, అమ్మాయికి మెమో. రెండో పరీక్ష అయిదు నిమిషాల్లో ముగిసింది. తలుపవతల కూర్చున్నది బట్టతల పెద్దాయన.

సోమవారం పొద్దున వాన. ఆమె పరిగెత్తింది. బస్సు ఆగింది. ఈసారి ముందు తలుపులోంచి ఎక్కి, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది.

“మెమో ఇచ్చారటగా?” అన్నాడు అద్దంలోకి చూస్తూ.

“ఇచ్చారు. దాచుకున్నాను. మా అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది. ఆదివారం ఆరింటికి రాగలరా?”

“ఊరికే చూడ్డానికేనా?”

“ముహూర్తం పెట్టించడానికేమో, నాకేం తెలుసు!”

“బ్రేకు తియ్యవయ్యా, ఆఫీసు టైమైపోతోంది!” వెనక నుంచి ఎవరో అరిచారు. అతను కదల్లేదు.

“ఆరంటే మీ వాచీ ప్రకారమా, మా గోడ ప్రకారమా?”

“గోడ ప్రకారమే రండి,” అందామె. “ఆ ఇరవై నిమిషాలు మీవేగా.”