చప్పుడు లేని గది

తల్లి కుర్చీలో తల వాల్చేసి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఒక చెయ్యి పక్కకు జారి వేలాడుతోంది. అది చూసి కూతురు కుట్టుదుకాణం గుమ్మంలోనే ఆగిపోయింది! కుట్టుమిషన్లు కటకటలాడుతూనే ఉన్నాయి... పిన్ని బల్ల మీద గుడ్డ కత్తిరిస్తూనే ఉంది... ఎవరూ గమనించనే లేదా?

"అమ్మా!"

ఆ కేకకు మిషన్లన్నీ టక్కున ఆగిపోయాయి. తల్లి ఉలిక్కిపడి కళ్లు తెరిచి, విసుగ్గా చూసింది.

"ఎన్నాళ్లకో కన్నంటుకుంది. ఎందుకే లేపావు?"

కూతురు ఉన్నచోటే కూలబడిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి.

తల్లి రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిసినప్పటినుంచీ కూతురు ఆమెను కంటికి రెప్పలా చూసుకుంటోంది. విశ్రాంతి కావాలని వెనక గది ఖాళీ చేయించింది. టీవీ ఆపించేసింది. పిల్లల్ని మునివేళ్ల మీద నడిపించింది. నిద్ర ఎలా పడుతోందని డాక్టరమ్మ అడిగినప్పుడల్లా తల్లి హాయిగా పడుతోందనే చెప్పేది. అలాంటి మనిషి చెప్పాపెట్టకుండా చెల్లెలి కుట్టుదుకాణానికి వెళ్లిందని తెలిసి, గుండె అరచేత పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

వచ్చి కూర్చుందో లేదో నిద్రలోకి జారిపోయిందనీ, లేపడానికి మనసొప్పలేదనీ పిన్ని చెప్పింది.

"ఇంత గోలలోనా? ఇంట్లో చీమ చిటుక్కుమనకుండా చూస్తున్నాను కదమ్మా..."

తల్లి జారిన చెంగు సర్దుకుంది.

"అందుకేనే నిద్ర పట్టట్లేదు. నొప్పులు సరే, ఎలాగో ఓర్చుకుంటాను. మీరంతా ఆ తలుపవతల గుసగుసలాడుతుంటే, నేను అప్పుడే పోయినట్టుంటుంది. కళ్లు మూస్తే మళ్లీ తెరవనేమోనని భయం... ఇంత చేస్తున్నదానివి, నీతో ఎలా చెప్పను?"

కూతురు నిర్ఘాంతపోయింది. మేలు చేస్తున్నాననుకుంటూ, బతికున్న అమ్మను ఇంట్లోంచి వెలివేసిందా తను? తల్లి ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి ఆమె వీపు నిమురుతూ, ఆ మిషన్లు మళ్లీ నడిపించమని చెల్లెలికి సైగ చేసింది.

మర్నాడు డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పారు. నిద్ర పట్టకపోవడం ఓర్చుకోవాల్సిన విషయం కాదనీ, నొప్పిలాగే దానికీ వైద్యం ఉందనీ ఆవిడ కోప్పడి, మందులు మార్చింది. మంచం హాల్లోకి వచ్చింది. జబ్బు వెనక్కి తగ్గలేదు. అన్ని రాత్రులూ నిద్ర పట్టిందనీ కాదు. కానీ పట్టనప్పుడు తల్లి పిలిచేది, కూతురు వచ్చి పక్కలో పడుకునేది.

ఒక సాయంత్రం బడినుంచి వచ్చిన పిల్లలు మంచం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. అమ్మమ్మ పడుకుందా, మాట్లాడకూడదా అని చిన్నది వాళ్లమ్మ చెవిలో అడిగింది.

కూతురు తల్లి ముఖంలోకి చూసింది. ఊపిరి నిదానంగా ఆడుతోంది.

"మాట్లాడండమ్మా," అంది. "గట్టిగానే మాట్లాడండి."