సగం వాక్యం

పెద్దమ్మ రాసిన నవలలన్నీ కంఠతా వచ్చినవాడు ఆ వంశంలో ఒక్కడే ఉన్నాడు. స్కూల్లో మాత్రం వాడు ఒక్క పద్యం కూడా కంఠతా పట్టలేకపోయాడు. అందుకే డీటీపీ సెంటర్లో టైపిస్టు అయ్యాడు. ఇంట్లో అందరూ వాణ్ని టకటక అని పిలిచేవాళ్లు. వేళ్లు తప్ప ఒంట్లో మరే భాగమూ చురుగ్గా పనిచెయ్యదని దాని భావం.

పెద్దమ్మవి భయం కథలు. అవి చదివినవాడికి పట్టపగలు స్నానాల గదికి వెళ్లాలన్నా తోడు కావాలి. చూపు మందగించాక ఆవిడ రాయడం మానేసింది. "ఇంకొక్కటి రాయండమ్మా" అని పాఠకులు అడుగుతూనే ఉన్నారు. అందరికంటే ఎక్కువ ప్రాణం తీసినవాడు మాత్రం ఇంట్లోనే ఉన్నాడు.

"నువ్వు చెబుతూ ఉండు పెద్దమ్మా, నేను టైపు చేసేస్తాను."

"నీకేం, వేళ్లాడిస్తే సరి. బుర్ర బద్దలయ్యేది నాకు కదరా," అంటూనే ఒప్పుకుంది.

ఆవిడకో బలహీనత ఉంది. ఎంత అలిసిపోయినా సరే, అప్పటిదాకా చెప్పినదాంట్లో చివరి వాక్యం ఎవరైనా పైకి చదివితే ఆగలేదు. తర్వాతి వాక్యం దానంతటదే నోట్లోంచి వచ్చేస్తుంది. టకటక ఈ కిటుకు తొందరగానే పట్టేశాడు. మొదట్లో పని సాగడానికి వాడాడు. తర్వాత తన కక్కుర్తికి వాడాడు.

"డాక్టరుగారు ఎక్కువసేపు మాట్లాడొద్దన్నారు, గుర్తుందా?" అని పెద్దమ్మ కూతురు వంటింట్లోంచి కేకేసేది.

"అయిపోయిందక్కా!" అని అంతకంటే గట్టిగా అరిచి, గొంతు తగ్గించి, చివరి వాక్యం చదివేవాడు.

ఆఖరి రోజున పెద్దమ్మ, "ఇవాళ్టికి చాలురా, గుండె దడగా ఉంది," అంది. సరిగ్గా అప్పుడే కథలో ఒక నర్సు, ఎప్పుడో మూతపడిన ఆస్పత్రిలో, ఒక గది ముందు నిలబడి ఉంది. లోపల్నుంచి ఎవరో తలుపు తడుతున్నారు. అలాంటి చోట ఆపేస్తే మనిషన్నవాడికి అన్నం సహిస్తుందా? వాడు చివరి వాక్యం చదివాడు. ఆవిడ ఒక వాక్యం చెప్పింది. మళ్లీ చదివాడు.

"నర్సు గడియ తీసింది. లోపల ఉన్నది..." అంది పెద్దమ్మ.

అంతే. తల పక్కకి వాలిపోయింది. ఆలోచిస్తోంది కాబోలనుకుని వాడు కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. కూర్చుని ఊరుకున్నాడా? ఆ సగం వాక్యాన్ని ఇంకోసారి చదివాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నిద్రలో పోయినట్టు హాయిగా పోయిందన్నాడు. అక్క వాడి తల నిమిరి, "చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నావురా," అంది. చెప్పుతో కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

నెల తిరక్కుండా పబ్లిషర్ ఫోన్ చేశాడు.

"ఉన్నంతవరకూ వేసేద్దామయ్యా. జనం ఎగబడి కొంటారు. ఆ చివరి సగం వాక్యం ఉంచుతావో, తీసేస్తావో నీ ఇష్టం. తీసేసినా కథ అక్కడికి ముగిసినట్టే ఉంటుంది. సాయంత్రంలోగా ఫైలు పంపు."

మధ్యాహ్నమే అయినా ముసురు పట్టి గది చీకటిగా ఉంది. పెద్దమ్మ పోయాక ఆ కిటికీలు ఎవరూ తెరవలేదు. పాత కాగితాల వాసన, మోకాళ్లకి రాసుకునే తైలం వాసన కలిసి గాలిలో బరువుగా నిలిచిపోయాయి. బయట రేకుల మీద చినుకులు ఆగి ఆగి పడుతున్నాయి. టకటక ఆవిడ పేము కుర్చీకి వీపు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ కుర్చీ వైపు చూసే మొహం వాడికి లేదు.

చివరి పేజీ తెరిచాడు. తప్పులేమైనా ఉన్నాయేమో పైకి చదివి చూసుకుంటే మంచిదని తనకు తానే చెప్పుకున్నాడు. అబద్ధం. లోపల ఎవరున్నారో తెలియక ఇన్నాళ్లుగా వాడి కడుపు ఉబ్బిపోతోంది.

"నర్సు గడియ తీసింది. లోపల ఉన్నది..."

చినుకులు ఆగిపోయాయి.

వెనక పేము కిర్రుమంది... చాలా నెమ్మదిగా... అలవాటైన మనిషి సర్దుకుని కూర్చున్నట్టు.

"...ఇంకో తలుపు," అంది పెద్దమ్మ గొంతు.

వాడి మెడ మీద వెంట్రుకలు లేచాయి. వేళ్లు మాత్రం ఆ రెండు మాటలూ టైపు చేసేశాయి. వాటికి సిగ్గూ లేదు, భయమూ లేదు.

వెనక ఎవరో కష్టం మీద ఊపిరి పీలుస్తున్నారు.

బుద్ధున్నవాడైతే లేచి పరిగెత్తేవాడు. వీడు చివరి వాక్యం చదివాడు.

"అది కూడా తీసింది..." ఈసారి గొంతు కుర్చీలోంచి రాలేదు. భుజం దగ్గరి నుంచి వచ్చింది. "దాని వెనక... ఇంకో తలుపు. చాలురా..."

వాడు మళ్లీ చదివాడు. వద్దనుకుంటూనే చదివాడు.

"నాకేం కనబడడం లేదురా," అంది చెవి పక్కనే. "నువ్వు చదివినప్పుడల్లా లేవాల్సి వస్తోంది. అవతల ఏముందో నాకూ తెలీదు. కాళ్లు పీకుతున్నాయి..."

"పెద్దమ్మా..."

"ఆ ముక్క చెరిపెయ్ నాన్నా. చదవడానికేమీ లేకపోతే... పడుకుంటాను."

వాడు తెర వైపు చూశాడు. ఇంతసేపూ టైపు చేసినదేదీ అక్కడ లేదు. సగం వాక్యం, దాని చివర మూడు చుక్కలు. అంతే.

డిలీట్ మీద వేలు పెట్టాడు. నొక్కాలి. చిన్న మీట. చీమను నలిపినంత పని. కానీ ఇది చెరిపేస్తే ఆ గొంతు ఇక ఎప్పటికీ వినబడదు. ఎన్ని తలుపులున్నా ఎక్కడో ఒక చివర ఉండకపోతుందా? ఆవిడే గనక ఇంకొంచెం ఓపిక పడితే...

తలుపు భళ్లున తెరుచుకుంది. అక్క లైటు వేసింది.

"ఎవరితోరా మాటలు?"

కుర్చీ ఖాళీగా ఉంది. మెత్త మీద గుంట మెల్లగా పైకి లేస్తోంది.

"ఎవరూ లేరక్కా. ఫైలు చూసుకుంటున్నాను."

"అమ్మ చెప్పినట్టే ఉందా అంతా? ఒక్క అక్షరం కూడా తియ్యకు, నా మీద ఒట్టు."

అక్క ఒట్టేసింది కాబట్టే ఉంచానని తర్వాత వాడు చాలాసార్లు తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. కానీ అక్క నోరు తెరవకముందే వేలు డిలీట్ మీంచి తీసేశాడు. ఫైలు పంపేశాడు.

పుస్తకం బజార్లోకి వచ్చింది. చివరి పేజీలో ఆ సగం వాక్యం ఒక్కటే, చుట్టూ తెల్లగా వదిలేసి, పెద్దక్షరాల్లో వేశారు. వేలమంది కొన్నారు. వేలమంది చదువుతున్నారన్నమాట... వాడు లెక్క వెయ్యడానికి భయపడి మానుకున్నాడు.

ఒకరోజు పొద్దున్నే సెంటరుకి వెళ్తూ బస్సులో చూశాడు. ముందు వరసలో, కిటికీ పక్కన, ఒక నడివయసు ఆవిడ ఆ పుస్తకం చివరి పేజీకి వచ్చింది. పెదవులు కదుపుతూ చదువుతోంది. అయిపోయింది. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

వాడు హమ్మయ్య అనుకున్నాడు.

ఆవిడ పక్క సీటు వైపు తల వంచింది. ఆ సీటు ఖాళీగా ఉంది. జనం నిలబడి ఉన్నా అక్కడ ఎవరూ కూర్చోవడం లేదు.

"ఊఁ..." అంది ఆవిడ మెల్లగా. కాసేపాగి, "ఊఁ... తర్వాత?"

వాడు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

ఆవిడ సంచీలోంచి నీళ్ల సీసా తీసింది. మూత తిప్పి, ఖాళీ సీటు వైపు ఆప్యాయంగా చాపింది.

"గొంతు తడుపుకుని చెప్పండమ్మా," అంది. "నేను దిగాల్సింది చిట్టచివరి స్టాపు."

సీసాలో నీళ్లు తగ్గుతున్నాయి.