బెల్టు దించిన రాత్రి

కంచరపాలెంలో రైలుకట్ట పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. దాని సంగతి తెలిసినవాళ్ళెవరూ దీపాలు పెట్టాక అటు పోయేవాళ్ళు కాదు. చుట్టుతిరుగుడైనా సరే, పై వీధిలోంచే పోయేవాళ్ళు. కుళాయి ఆ గోడ పక్కనే ఉంది. రాత్రిపూట నీళ్ళొస్తే ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని గుంపుగా వెళ్ళి గుంపుగా వచ్చేవాళ్ళు. అంత చెడ్డ పేరు దానికి.

ఎందుకా? గురువులనే టర్నరు అందులోనే పోయాడు. లేత్ మెషీను ముందు నిలబడి పని చేస్తూ చేస్తూ, గుండె పట్టేసి, అలాగే పక్కకి ఒరిగిపోయాడు. తెల్లారి చూస్తే మనిషి చల్లబడిపోయాడు... మెషీను మాత్రం తిరుగుతూనే ఉంది. చేతిలో పని సగంలో ఉంది. ఆ సగం పని కోసం ఇంకా వస్తున్నాడని వీధంతా అనుకునేవాళ్ళు.

నేను విన్నదే చెప్తున్నానండోయ్. నమ్మేవాళ్ళు నమ్మండి, నవ్వేవాళ్ళు పగలు నవ్వుకోండి.

గురువులు పోయాక అతని భార్య పోతమ్మ సబ్బవరంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇల్లూ, షెడ్డూ, మెషీనూ కలిపి వీర్రాజుకి అద్దెకిచ్చింది. వీర్రాజు పోర్టు వర్క్‌షాపులో టర్నరు. డ్యూటీ దిగొచ్చి కూడా మెషీను దగ్గరే కూర్చునే రకం. దెయ్యం మాటెత్తితే మీసం మెలేసి "నాను సూడని మెషీనా?" అనేవాడు. అంతటి ధైర్యవంతుడూ పొద్దుగూకేసరికి షెడ్డుకి తాళం వేసేసేవాడు. చీకట్లో కళ్ళు ఆనవట, అందుకని!

తాళంచెవులు ఇచ్చేటప్పుడు పోతమ్మ ఒకే మాట చెప్పింది.

"వాడుకో నాయినా. ఆయుధపూజ నాడు మాత్రం బెల్టు దించీసి దాని మానాన దాన్ని ఒగ్గీయాల. మా ఆయన పెట్టిన పద్ధతి. ఆ ఒక్క దినం దానికి సెలవు."

మోటారు నుంచి మెషీనుకి ఊపు అందించేది ఆ తోలు బెల్టే. అది దించేస్తే మెషీను మొద్దు. మోటారు ఎంత గింజుకున్నా, పని ముక్కని పట్టుకుని తిరిగే చక్కు కదలదు. వీర్రాజు ఆ పద్ధతి ఏటేటా పాటించేవాడు. బెల్టు దించి, మడిచి, పసుపు రాసి మెషీను కింద పెట్టేవాడు. మెషీనుకి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, ముందు ప్రమిద వెలిగించి దణ్ణం పెట్టి వచ్చేసేవాడు.

ఆ ఏడాది అలా వచ్చేయడానికి వీల్లేకపోయింది. ఎందుకంటే బావమరిది ఉమాశంకర్.

ఉమాశంకర్ వీర్రాజు భార్య వరహాలమ్మకి తమ్ముడు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. మూడు చక్రాల బండి మీద కూర్చుని, గుండెల దగ్గరుండే పెడల్ని చేత్తో తిప్పుకుంటూ తిరిగేవాడు. వీధికో ఎస్టీడీ బూతు పుట్టుకొస్తున్న రోజులవి. వికలాంగుల కోటాలో అతనికీ ఒక బూతు వచ్చింది. గది దొరికింది ఎత్తురోడ్డు పైన. ఆ ఎత్తు ఎక్కాలంటే రెండు కాళ్ళున్నవాడే సైకిలు దిగి నడుస్తాడు.

గది ఓనరు సత్యం మొహమాటం లేని మనిషి.

"ఇదిగో తమ్ముడూ, రోజూ నిన్నొకడు తోసుకొచ్చి దింపాలంటే బూతు తెరిసినట్టే! దసరా పొద్దున్న ముహూర్తానికి నీ అంతట నువ్వు ఎక్కిరా. గది నీది. నేకపోతే ఇంకోడు కాసుకుని ఉన్నాడు" అన్నాడు.

ఉమాశంకర్ చాలాసార్లు ప్రయత్నించాడు. సగం ఎత్తులో చేతులు లాగేసేవి, బండి వెనక్కి జారేది. వీర్రాజు చూసి చూసి, దీనికి మందు పళ్ళచక్రమే అన్నాడు. బండి చక్రం దగ్గర చైను తిరిగే పళ్ళచక్రం పెద్దదైతే చేతికి బరువు తగ్గుతుంది. అంత పెద్దది బజార్లో దొరకదు, చేసుకోవాల్సిందే. ఉక్కు రేకయితే ఇంట్లో ఉన్న ఈ చిన్న మెషీను ఓర్చుకోదు. అల్యూమినియం కావాలి.

పాతూళ్ళో ఓడల తుక్కు అమ్మే ఖాదర్ దగ్గర మందపాటి రేకు దొరికింది... కానీ ఎప్పుడు? సరిగ్గా ఆయుధపూజ సాయంత్రం! అప్పటికే మెషీను మెడలో దండ పడిపోయింది, బెల్టు దిగిపోయింది.

"రేప్పొద్దున్నే ముహూర్తం" అన్నాడు వీర్రాజు, గడ్డం గోక్కుంటూ.

"పోతమ్మత్త మాట మరిసిపోనావేటి?" అంది వరహాలమ్మ.

"నాను మోటారు ఆన్ సెయ్యట్లేదు కదే! బెల్టే లేదు. చేత్తో తిప్పి, పళ్ళకి గుర్తులెట్టుకుంటానంతే. దాని సెలవు దానిదే."

తెలివి చూశారా! పద్ధతిని తప్పకుండానే తప్పేద్దామని.

రాత్రి భోజనాలయ్యాక షెడ్డు తలుపు తీశాడు. రేకు మధ్యలో చిల్లి చేసి చక్కుకి బిగించాడు. ఓడనుంచి కోసిన ముక్క కదా, గుండ్రంగా లేదు. ఒక పక్కకి నాలుకలా పొడుగ్గా సాగి ఉంది. బరువంతా అటే. గుర్తులన్నీ పెట్టాక కోద్దామని అలాగే వదిలేశాడు.

చక్కు వెనకున్న గేరు పళ్ళ మధ్యకి ఒక స్ప్రింగు ముక్క పెట్టాడు. చక్కుని చేత్తో తిప్పితే టిక్కుమని ఒక పన్ను దాటి ఆగుతుంది. ఆగిన చోట గీత గీయడం, గీత మీద సుత్తితో ఒక చిన్న దెబ్బ వేయడం. మళ్ళీ టిక్కు... మళ్ళీ గీత. ఒక్కటి తప్పినా చైను కూర్చోదు.

నాలుగు గుర్తులు పడ్డాయో లేదో... కరెంటు పోయింది.

షెడ్డంతా చీకటి. మెషీను ముందు నేల మీద ప్రమిద ఒక్కటే మిణుకుమంటోంది. వీర్రాజు చక్కు మీంచి చెయ్యి తీసేసి, అగ్గిపెట్టె కోసం జేబులో పెట్టాడు.

టిక్...

చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

టిక్... టిక్...

"ఎవరూ?" అందామనుకున్నాడు. తలెత్తి చూశాడు.

వెనక గోడ మీద రేకు నీడ పడుతోంది. ఆ పొడుగాటి నాలుక నీడ మెల్లిగా... మెల్లిగా కిందికి దిగుతోంది. దిగి దిగి నేలకి ఆనుకుంది. హమ్మయ్య, ఆగిందనుకున్నాడు.

ఆగలేదు.

రెండో పక్కనుంచి లేవడం మొదలెట్టింది. ఎవరో చెయ్యెత్తుతున్నట్టు గోడ మీద పైపైకి లేచి, రేకుల కప్పు దాకా వెళ్ళి, అటునుంచి మళ్ళీ కిందికి. టిక్కు... గీత గీసేంత వ్యవధి... మళ్ళీ టిక్కు. తొందర లేదు, ఆలస్యమూ లేదు. పని తెలిసిన మనిషి నిదానంగా పని చేసుకుంటున్నట్టు...

బంతిపూల వాసన మధ్యలో కాలిన నూనె వాసన గుప్పుమంది. కాళ్ళ కింద నేల సన్నగా వణుకుతోంది. అది నేల వణుకో తన కాళ్ళ వణుకో వీర్రాజుకి తెలియలేదు.

ఓలమ్మో! మీసాలూ లేవు, ధైర్యమూ లేదు. లుంగీ చేత్తో పట్టుకుని, గుమ్మానికి మోకాలు కొట్టుకుని, పడుతూ లేస్తూ వరండాలోకి వచ్చి పడ్డాడు. కుండలో చెంబు ముంచి నీళ్ళు తాగబోతే సగం గుండెల మీదే పోసుకున్నాడు. అక్కడికీ వినిపిస్తూనే ఉంది.

టిక్... టిక్... టిక్...

వరండాలో పడుకున్న ఉమాశంకర్ మోచేతుల మీద లేచాడు.

"ఏటయ్యింది బావా?"

వీర్రాజు షెడ్డు వైపు వేలు చూపించాడు.

ఉమాశంకర్ అటు చూశాడు. తర్వాత గుసగుసగా అన్నాడు.

"ఒగ్గీ బావా. నా గురించి నీకేటైనా అయితే అప్పకి నానేటి సెప్పాల? ఆ బూతు ఇంకోడికే పోనీ. ఎలాగా ఎవడో ఒకడు తోసే బతుకే కదా నాది."

అనేసి గోడ వైపు తిరిగి, దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు. దుప్పటి కింద భుజాలు కదులుతున్నాయి.

వీర్రాజు చెంబు కింద పెట్టాడు. షెడ్డులో ఉన్నదేదో భయంకరమైనదే, కాదనలేదు. కానీ పొద్దున్న లేచి ఈ కుర్రాడి మొహం చూడ్డం అంతకంటే కష్టం. లోపలికెళ్ళి వరహాలమ్మని లేపి, చూసింది చెప్పాడు. ఆవిడ లాంతరు వెలిగించింది.

"పద, నానూ వత్తన్నాను" అంది.

గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి చప్పుడు ఆగిపోయింది. వెనక కట్ట మీద గూడ్సుబండి ఆఖరి పెట్టెలు దాటుతున్నాయి. లోపల ఎవరూ లేరు. ప్రమిద వెలుగుతూనే ఉంది. చక్కు నిలిచిపోయి ఉంది, రేకు నాలుక తిన్నగా కిందికి వేలాడుతోంది.

వీర్రాజు రేకు వైపు చూశాడు. బెల్టు లేని పుల్లీ వైపు చూశాడు. రైలు పోయిన వైపు చూశాడు. ఒక్కసారిగా నవ్వొచ్చేసింది.

"ఓసి దీని తస్సాదియ్యా! గూడ్సుబండే! బెల్టు లేదు కదా, చక్కుకి పట్టు లేదు. రైలు అదురికి స్ప్రింగు జారి, బరువు పక్క ఒక్కో పన్నూ కిందికి దిగింది. అదే టిక్కు టిక్కు!"

"మరి నీడ ఎక్కినాదన్నావు?"

"దీపం నేల మీదుంది కదే. నీడ తలకిందులుగా పడి ఉంటాది."

"ఇంత పోర్టు టర్నరువి, రేకు ముక్కని సూసి పరిగెట్టినావన్నమాట" అంది వరహాలమ్మ. ఆవిడకీ నవ్వొచ్చింది. భయం వదిలాక వచ్చే నవ్వు మామూలుగా ఉండదు, ఇద్దరూ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

ఆవిడ లాంతరు పట్టుకుంది, అతను గుర్తులు పూర్తి చేశాడు. కరెంటు వచ్చాక రేకు విప్పి వరండాలోకి తెచ్చి, గుర్తుల మీద చిల్లులు చేసి, అంచు కోసి, ఆకురాయికి కిరసనాయిలు రాసుకుంటూ ఒక్కో పన్నూ అరగదీశాడు. ఉమాశంకర్ పక్కన కూర్చుని ప్రతి పన్ను మధ్యలోనూ చైను ముక్క పెట్టి చూశాడు. అతనికీ నిద్ర లేదు. తూరుపు తెల్లబడేసరికి పళ్ళచక్రం వెండి కంచంలా మెరుస్తూ బండికి ఎక్కింది.

ఎత్తురోడ్డు పైన సత్యం కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. కింద ఉమాశంకర్ కొత్త చొక్కా వేసుకుని, పెడల్ మీద చేతులు వేశాడు. వీర్రాజు అలవాటు కొద్దీ బండి వెనక పట్టుకోబోయాడు.

"ముట్టుకోకు బావా!"

వీర్రాజు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

బండి కదిలింది. నిదానంగానే, కానీ ఆగకుండా. ఎప్పుడూ జారిపోయే చోటు వచ్చింది. వరహాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బండి ఆ చోటూ దాటేసింది. వీర్రాజు వెనకే నడుస్తున్నాడు. తన చేత్తో చేసిన పనులన్నిట్లోకీ ఇదే గొప్పదనిపించింది.

ఇంకొంచెం ఉందనగా ఉమాశంకర్ తల వెనక్కి తిప్పి, రొప్పుతూ, నవ్వుతూ అరిచాడు.

"సూసినావా బావా! దిగడమంటే దానంతటదే దిగిపోద్ది! ఎక్కాలంటే మాత్రం సెయ్యి పడాల!"

వీర్రాజు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు.

దిగడం సరే. రైలు అదిరింది, బరువు పక్క కిందికి దిగింది. దిగాక ఆగిపోవాలి. కింద చేరిన బరువు తనంతట తాను మళ్ళీ పైకి ఎలా లేస్తుంది? రైలు ఎంత అదిరితే మాత్రం, నీడ ఎలా పడితే మాత్రం? లేచింది. కప్పు దాకా లేచి అటు పక్కకి దిగడం తను కళ్ళారా చూశాడు. ఆ తర్వాత తను వరండాలో నీళ్ళు తాగినంతసేపూ, బావమరిది మాట్లాడినంతసేపూ, పెళ్ళాన్ని లేపినంతసేపూ ఆ టిక్కు వస్తూనే ఉంది. చుట్టు తర్వాత చుట్టు. మోటారు లేదు, బెల్టు లేదు.

అన్నిసార్లు పైకెత్తిన చెయ్యి ఎవరిది?

"ఏటాగిపోనావ్?" అంది వరహాలమ్మ వెనకనుంచి. "పద, ముహూర్తం దాటిపోతాది."

పైన కొబ్బరికాయ పగిలిన చప్పుడయింది. ఉమాశంకర్ బండి గంట గణగణా కొడుతున్నాడు.

"రా బావా! నువ్వే ఎనకబడిపోనావేటి!"

ఎండ పడుతున్న రోడ్డు మధ్యలో వీర్రాజుకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఎంత ప్రయత్నించినా కాలు ముందుకి పడలేదు.