అతని అకౌంట్‌లో ఆమె పాటలు

పిల్లల డాన్సు టీచరు కళ్లజోళ్ల షాపుకు వచ్చింది కళ్లజోడు కోసం కాదు. వాలకం చూస్తే దెబ్బలాటకు వచ్చినట్టుంది.

“ఇందులో నీ అకౌంట్ ఓపెన్ చెయ్యి,” అంటూ కౌంటర్ వెనకున్న అతని ముందుకు కొత్త ఫోన్ తోసింది.

ఎనిమిది నెలల క్రితం దాకా ఇద్దరూ ప్రేమించుకున్నారు. ఒకే పాట ఇద్దరూ విడివిడిగా కొనడం దండగని, అన్నీ అతని అకౌంట్‌లోనే కొనేవారు. విడిపోయినప్పుడు పుస్తకాలూ గొడుగులూ ఎవరివి వాళ్లు తీసుకున్నారు. పాటల సంగతి ఇద్దరికీ తట్టలేదు.

“రేపు సాయంత్రం మా పిల్లల ప్రోగ్రామ్. పాటున్న ఫోన్ పొద్దున బకెట్లో పడి చచ్చింది. ఆ పాట ఇప్పుడు ఎక్కడా అమ్మట్లేదు. ఇదివరకు కొన్నవాళ్లయితే మళ్లీ దింపుకోవచ్చట.”

అతను పాస్‌వర్డ్ కొట్టి, కొన్న పాటల లిస్టు తెరిచాడు. అందులో ఆమె పాట ఒక్కటీ లేదు.

“తీసేశావా?” ఆమె కౌంటర్ మీదికి వంగింది. “పన్నెండు మంది పిల్లలు మూడు నెల్లుగా ఆ పాటకే నేర్చుకున్నారు. నా మీద కోపం వాళ్ల మీద చూపిస్తావా?”

“తీసెయ్యలేదు. కనబడకుండా దాచానంతే.”

“ఎందుకూ?”

“లిస్టు తెరిస్తే నువ్వే గుర్తొస్తున్నావు. ఆ పూట ఇంక పని సాగట్లేదు.”

అతను ‘దాచినవి’ అన్నచోట నొక్కాడు. పాటలు బిలబిలమంటూ వచ్చాయి. కావలసినదీ ఉంది. డౌన్‌లోడ్ మొదలయ్యాక ఆమె ఊపిరి పీల్చుకుంది. అప్పుడు పక్కనున్న తేదీల మీద కన్ను పడింది.

“ఇది పోయిన నెల కొన్నది. ఇది మొన్నటిది. అన్నీ నేను పడిచచ్చే సింగర్ పాడినవే. నీకసలు ఆ సింగర్ పాటలు వినే ఓపికే లేదుగా?”

“లేదు.”

“మరెందుకు కొన్నావ్?”

అతను ఒక కళ్లజోడు అందుకుని తుడిచిందే తుడిచాడు.

“నీకు ఫోన్ చెయ్యాలనిపించినప్పుడల్లా ఒకటి కొన్నాను. నువ్వు లేకుండా నాకేం బాగాలేదు.”

“ఎన్ని కొన్నావ్?”

“నలభై ఒకటి.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నలభై ఒక్కసార్లు ఫోన్ చేతిలో పట్టుకుని కూడా నాకు చెయ్యలేదన్నమాట.”

“ఎత్తవేమోనని.”

“మొదటిసారికే ఎత్తేదాన్ని,” అంది ఆమె, అతని వైపు చూడకుండా.

డౌన్‌లోడ్ పూర్తయింది. ఆమె పాట ఒకసారి వేసి చూసుకుని, ఫోన్ బ్యాగులో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

“ప్రోగ్రామ్ ఆరింటికి. నువ్వు ఐదింటికల్లా వచ్చెయ్యి, కుర్చీలు వెయ్యాలి.”