అమ్మకని చెప్పి కొన్న కోటు

ఇంగ్లండులోని మోర్‌కాంబ్‌ ఊళ్లో ఛారిటీ షాపు తలుపు తీసేసరికి లోర్నా ఎప్పుడూ బయట సిద్ధంగా ఉండేది. చలికాలం కోట్లు అక్కడ కారుచౌక. పేదాసాదా వేసుకుంటారని ఊళ్లోవాళ్లు ఉచితంగా ఇచ్చినవి. మంచివన్నీ లోర్నా ఏరుకుపోయి, ఫోటోలు తీసి, ఆన్‌లైన్‌లో నాలుగింతలకు అమ్ముకునేది. ఎవరైనా అడిగితే ఒకటే మాట, ఇంట్లోవాళ్లకని. అసలు సంగతి తెలిస్తే షాపువాళ్లు రేటు పెంచేస్తారని ఆ వ్యాపారంలో అందరూ ఆడే అబద్ధమే అది. సిగ్గుపడటం లోర్నా ఎప్పుడో మానేసింది.

ఆ రోజు ముదురాకుపచ్చ ఉన్నికోటు చేతికి దొరికింది. కలరా ఉండల వాసన. దాని అడుగున ఇంకేదో పచ్చివాసన. కౌంటర్ దగ్గర కూర్చునే ముసలి బెరిల్ ఆ కోటును పట్టుకుని వదల్లేదు.

"ఎవరికమ్మాయ్ ఇది?"

"మా అమ్మకి. వృద్ధాశ్రమంలో చలికి గడగడలాడిపోతోంది పాపం."

"నిజంగా అమ్మకేనా? ఇచ్చినావిడ చనిపోయేముందు మరీ మరీ చెప్పింది. చలికి వణికే మనిషికే చేరాలని."

"అమ్మ మీద ఒట్టు," అంది లోర్నా నవ్వుతూ.

బెరిల్ నవ్వలేదు. కోటు మడిచి ఇచ్చింది.

సాయంత్రంలోపే అది అమ్ముడుపోయింది. లోర్నా తన చేతుల్తోనే పార్సిల్ కట్టి, పోస్టాఫీసులో ఇచ్చి బయటికొచ్చింది. అప్పటికే చీకటి పడింది. ఫోన్ మోగింది. అమ్మ. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"కోటు పంపావుగా... భలే వెచ్చగా ఉందే."

"ఏ కోటమ్మా?"

"ఆకుపచ్చది. ఆవిడే తొడుగుతోంది."

"ఎవరావిడ?"

"ఏమో మరి... చేతులు మాత్రం మంచుగడ్డల్లా ఉన్నాయి. కదిలితే ఊరుకోదే. ఉంటాను."

లోర్నా వృద్ధాశ్రమానికి పరుగెత్తింది. అమ్మ తప్ప ఆమెకు ఈ లోకంలో ఎవరూ లేరు. పొద్దున అమ్మ మీద వేసిన ఒట్టు గుర్తొచ్చి ఇంకా వేగం పెంచింది.

అమ్మ గది తలుపు తోసింది. లోపల లైటు లేదు. కలరా ఉండల వాసన గుప్పుమంది. కిటికీలోంచి పడే వీధిదీపం మసక వెలుగులో, కుర్చీలో అమ్మ... ఒంటి మీద ఆ కోటే. మెడదాకా గుండీలు పెట్టేసి ఉన్నాయి.

"అమ్మా, తీసెయ్. అది నీది కాదు."

"నాదేనని ఒట్టేశావటగా..." అమ్మకు ఊపిరి సరిగా ఆడటం లేదు. "బిగుతుగా ఉందే... కాస్త వదులు చెయ్యి."

లోర్నా గుండీలు విప్పబోయింది. రాలేదు. చీకట్లో వేళ్లతో తడిమింది. గుండీల మీదుగా, కింది నుంచి పైదాకా, సన్నగా, దగ్గర దగ్గరగా కుట్టు. కాలరు దగ్గర కోటూ అమ్మ చర్మమూ ఒకే కుట్టులో కలిసిపోయాయి. ఆ కుట్టు గడ్డం కింద ఆగింది... నోటికి ఇంకొంచెం దూరంలో.

దారం చివర సూది వేలాడుతోంది. ఇంకా ఊగుతూనే ఉంది...